గోడమీది వించెస్టర్ (19వ భాగం)



పోయిన భాగంలో దొరల వేట గురించి రాశాను. దొర వేటకు పోతే మా వాడ నుంచి పదిమంది డప్పులు పట్టుకొని పోయి పొదలు కొట్టాలి, జంతువును దొర ఉన్న దిక్కుకు తోలాలి, అది వెట్టి. మా తాత ఆ పని చేసినవాడే. అది చదివి అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, మా పక్కింటి ముసలాయన తుపాకీ గురించి కూడా రాయరాదే. నువ్వు ఆ రోజు దాన్ని పట్టుకున్నప్పుడు నీ ముఖం చూసిన" అన్నాడు. అందుకే ఈ భాగం అక్కడికి పోతోంది. కొంచెం దూరం. ఓపికగా చదవండి.

మేనల్లుడు ఉండేది పెన్సిల్వేనియాలో, చిన్న ఊళ్లో. రెండేళ్ల కింద నేను పోయింది నవంబర్ చివర్లో. అక్కడ థాంక్స్‌గివింగ్ పండుగ అయిపోగానే జింకల వేట మొదలవుతుంది. చాలా ఏళ్లపాటు పండుగ తర్వాతి సోమవారం మొదటి రోజు. ఆ సోమవారం అక్కడ చాలా బడులకు సెలవు. 2019 నుంచి దాన్ని శనివారానికి మార్చారు. మనకు బతుకమ్మకు బడి సెలవు ఉన్నట్టు వాళ్లకు జింక వేటకు సెలవు అంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

పక్కింటాయన ఎనభై దాటినవాడు. బొగ్గుగని కార్మికుల కుటుంబం. మమ్మల్ని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, గోడ మీది తుపాకీ దించి చూపించాడు. వించెస్టర్ మోడల్ 94. లీవర్ తిప్పి లోపల తూటా లేదని తను చూసి, మాకు చూపించి, అప్పుడు నా చేతికిచ్చాడు. నేను అరవై ఏళ్లు దాటినోణ్ణి. మా వంశంలో బందూకు పట్టిన మొదటి చెయ్యి నాదే అయి ఉంటుంది. చెయ్యి కొంచెం వణికింది. ముసలాయన అది చలి అనుకున్నాడు.

ఆ తుపాకీ పనితనం కొంచెం చెప్పకపోతే వాళ్ల ప్రేమ మీకు అర్థం కాదు. ట్రిగ్గర్ చుట్టూ నాలుగు వేళ్లు పట్టే ఇనుప వలయం ఉంటుంది, అదే లీవర్. కాల్చాక దాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగాలి. ఆ ఒక్క కదలికలో పేలిన తూటా ఖాళీ గొట్టం పైనుంచి ఎగిరిపడుతుంది, కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది, వెనకాల సుత్తి ఎక్కుకుంటుంది. తుపాకీని భుజం మీది నుంచి దించనక్కర్లేదు. తూటాలు ఉండేది బ్యారెల్ కింద ఇంకో సన్న గొట్టంలో, ఒకదాని వెనక ఒకటి. వెనక తూటా మొన ముందు తూటా అడుగుకు తగులుతూ ఉంటుంది. అందుకే ఆ తూటాల మొన మొద్దుగా చేస్తారు. సూదిమొన అయితే లోపలే పేలిపోయే ప్రమాదం. ఖాళీ గొట్టం నడినెత్తి మీది నుంచి ఎగురుతుంది కాబట్టి పాత మోడళ్ల మీద దుర్భిణి బిగించడం కుదరదు. ఇనుప గురి పెట్టుకొని, నూరు నూటయాభై గజాల్లో, అడవిలో చెట్ల మధ్య కాల్చే తుపాకీ అది. ఇవాళ దుకాణాల్లో దొరికే రైఫిళ్లు దీనికంటే ఎన్నో రెట్లు దూరం కొడతాయి. అయినా వీళ్లు దీన్ని వదలరు.

ముసలాయన నాకు ఒక చోటు చూపించాడు. లీవర్‌కు కొంచెం ముందు, ఇనుప పెట్టె అడుగున. అక్కడ నల్లనీలం పూత మొత్తం అరిగిపోయి వెండిలా మెరుస్తోంది. తుపాకీని ఒక చేత్తో పట్టుకొని నడిస్తే బరువు రెండు పక్కలా సమంగా తూగేది సరిగ్గా అక్కడే. తాత చెయ్యి, తండ్రి చెయ్యి, తన చెయ్యి వందేళ్లు అక్కడే పట్టుకున్నాయి. పూత మళ్లీ వేయించకూడదా అని మా వాడు అడిగితే, ఏదో బూతు విన్నట్టు చూశాడు. పాత తుపాకీకి కొత్త పూత వేస్తే ధర పడిపోతుందట. కానీ ఆయన ముఖంలో ధర లేదు.

ఈ తుపాకుల యజమానులకు 1964 అనేది మనకు 1947 లాంటి సంవత్సరం. మోడల్ 94ను గీసినవాడు జాన్ బ్రౌనింగ్, 1894లో వచ్చింది. మరుసటి ఏడాది దానికి థర్టీ థర్టీ అనే తూటా వచ్చింది, పొగరాని మందుతో. మొత్తం మీద 70 లక్షలకు పైగా తయారయ్యాయి. పది లక్షలవది 1927లో ప్రెసిడెంట్ కూలిడ్జ్‌కు బహుమానంగా ఇచ్చారు. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి లోపలి భాగాల తయారీ మార్చింది. సాగగొట్టిన ఉక్కు చోట చవక పద్ధతులు, మరలు ఉన్నచోట చుట్టిన రేకు పిన్నులు. కొత్త ఇనుముకు పాత నీలం పూత కూడా సరిగ్గా పట్టలేదు. యజమానులు ఇప్పటికీ దాన్ని క్షమించలేదు. సీరియల్ నంబర్ 27 లక్షల లోపు ఉందా లేదా, అదే మొదటి ప్రశ్న. తర్వాత 1992లో అడ్డంగా ఒక సేఫ్టీ బటన్ పెడితే దాన్ని వకీళ్ల కోసం పెట్టిన బటన్ అని ఎగతాళి చేశారు. చివరికి 2006లో న్యూ హేవెన్ ఫ్యాక్టరీయే మూతపడింది. (కంపెనీ పెట్టిన ఆలివర్ వించెస్టర్ అసలు చొక్కాలు కుట్టించే వ్యాపారి. తుపాకీ తయారీ తెలిసినవాడు కాదు, తెలిసినవాళ్లను పెట్టుకున్నాడు. కార్ఖానా పేరు ఎవరిది, పని ఎవరిది అన్నది మనకు కొత్త ముచ్చట కాదు.)

వయోమింగ్‌లోని కోడీ పట్టణంలో ఒక మ్యూజియం ఉంది. వించెస్టర్ కంపెనీ పాత లెడ్జర్లు అక్కడ ఉన్నాయి. సీరియల్ నంబర్ రాసి డబ్బు కడితే, ఆ తుపాకీ ఏ రోజు గోదాం నుంచి బయటికి పోయిందో ఉత్తరం పంపుతారు. యజమానులు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకుంటారు. కానీ మోడల్ 94కు మొదటి మూడున్నర లక్షల నంబర్లకే లెడ్జర్లు మిగిలాయి. మన ముసలాయన తుపాకీ ఆ తర్వాతది. ఆయనకు కాగితం లేదు. ఉన్నదల్లా కర్ర మడమ మీది రేకు విప్పితే లోపల మడిచిపెట్టిన చిన్న చీటీ. అందులో మూడు పేర్లు. తాతది, తండ్రిది, తనది. ఏ ఏడు ఎవరి చేతికి వచ్చిందో పక్కన రాసి ఉంది.

నిజం చెప్పాలంటే నాకు ఈర్ష్య పుట్టింది. మా తాత డప్పు ఏమైందో మా ఇంట్లో ఎవరికీ తెల్వదు. చర్మం చినిగిందా, చెక్క పొయ్యిలోకి పోయిందా, ఎవరూ దాచలేదు. దాచాలని కూడా ఎవరికీ తోచలేదు. తాత చెయ్యి ఎక్కడ పట్టుకుందో చూపించడానికి నా దగ్గర వస్తువు లేదు. గడీలో దసరాకు బందూకులు కడిగి బొట్టు పెట్టి పూజ చేసేవాళ్లు. బయట డప్పు కొట్టింది మావాళ్లు. అంటే వస్తువు మీద ప్రేమ పెంచుకోవడానికి కూడా ముందు వస్తువు చేతిలో ఉండనివ్వాలి కదా.

ఆ రాత్రి నిద్ర పట్టక మేనల్లుడి ల్యాప్‌టాప్ తీసి చదవడం మొదలుపెట్టాను. ఆ మూడు నెలలూ చదువుతూనే ఉన్నాను.

వించెస్టర్ ప్రకటనల్లో ఒక మాట దశాబ్దాలపాటు నడిచింది. పడమటి దేశాన్ని గెలిచిన తుపాకీ అని. ముఖ్యంగా 1873 మోడల్‌కు ఆ పేరు. ఎవరి నుంచి గెలిచింది? ప్రకటనలో ఆ సంగతి ఉండదు. అయితే అదే తుపాకీ ఓడినవాళ్ల చేతిలో కూడా ఉండేది. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయెన్ యోధులు కస్టర్‌ను, ఆయన వెంట ఉన్న దళాన్ని మట్టుబెట్టారు. సైనికుల దగ్గర ఉన్నవి ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే కార్బైన్లు. 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడింది. నేల తేటపడ్డాక పురావస్తు శాస్త్రజ్ఞులు లోహాలు కనిపెట్టే యంత్రాలతో అడుగడుగూ వెతికారు. హెన్రీ, వించెస్టర్ లీవర్ తుపాకుల ఖాళీ తూటాలు దొరికాయి, లకోటాలు నిలబడ్డ చోట్లలోనే.

ఆ తుపాకులను వాళ్లూ ప్రేమించారు. కర్ర మీద ఇత్తడి మొలలు వరుసగా కొట్టి అలంకరించుకునేవాళ్లు, పగిలిన చోట పచ్చితోలు తడిపి చుట్టి కుట్టేవాళ్లు. తోలు ఎండితే బిగుసుకొని ఇనుప పట్టీలా పట్టుకుంటుంది. తోలు పని తెలిసినవాళ్లం కాబట్టి ఆ ఫొటోలు చూస్తూ నేను చాలాసేపు ఉండిపోయాను. ఎవరు కుట్టారో మంచి చెయ్యి.

సిట్టింగ్ బుల్ 1881 జులైలో ఫోర్ట్ బుఫోర్డ్‌లో లొంగిపోయాడు. తన వించెస్టర్‌ను తను ఇవ్వలేదు. తన చిన్న కొడుకు క్రో ఫుట్ చేతికిచ్చి, అధికారికి ఇమ్మన్నాడు. తన జనంలో రైఫిల్ అప్పగించిన చివరివాణ్ణి తనేనని గుర్తుపెట్టుకోమన్నాడని చెబుతారు. 1890 డిసెంబర్ 15న సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయడానికి పోయిన పోలీసులు ఆయన్ని చంపేశారు. ఆ రోజే క్రో ఫుట్‌ను కూడా.

రెండు వారాలకు ఊండెడ్ నీ. ఇది చాలామందికి పేరు తెలుసు, ఎలా మొదలైందో తెల్వదు. స్పాటెడ్ ఎల్క్ అనే నాయకుడు, సైన్యం ఆయన్ని బిగ్ ఫుట్ అనేది, న్యుమోనియాతో పడుకొని ఉన్నాడు. ఆయన వెంట సుమారు 350 మంది, ఎక్కువ భాగం ఆడవాళ్లు, పిల్లలు. కస్టర్ దళమైన ఏడవ అశ్వికదళం వాళ్లను చుట్టుముట్టి, గుట్ట మీద నాలుగు హాచ్‌కిస్ ఫిరంగులు పెట్టింది. డిసెంబర్ 29 పొద్దున తుపాకులు అప్పగించమన్నారు. కొన్ని ఇచ్చారు. చాలవని గుడారాల్లోకి చొరబడి గొడ్డళ్లు, కత్తులు, గుడారం మేకులు కూడా తీసుకుపోయారు. ఒక యువకుడు మాత్రం తన వించెస్టర్ వదల్లేదు. పేరు బ్లాక్ కొయొటీ అంటారు. చెవిటివాడని బతికి బయటపడ్డవాళ్లలో కొందరు చెప్పారు. దాన్ని తలమీదికెత్తి, దీనికి నేను చాలా డబ్బు పెట్టాను, ఇది నాది, ఊరికే ఎందుకివ్వాలి అన్నాడట. పెనుగులాటలో ఒక తూటా పేలింది. ఆ తర్వాత ఫిరంగులు. చనిపోయినవాళ్లు 250 నుంచి 300 వరకు ఉంటారని అంచనా. మంచులో మూడు రోజులు పడి ఉన్న శవాలను ఏరుకొచ్చి 146 మందిని ఒకే గుంటలో పూడ్చారు. సైనికులకు దాదాపు 20 మందికి దేశపు అత్యున్నత పతకాలు ఇచ్చారు. 1990లో అమెరికన్ కాంగ్రెస్ విచారం వ్యక్తం చేసింది. పతకాలు వెనక్కి తీసుకోలేదు.

నేను ఆగింది ఆ యువకుడి దగ్గర. చరిత్ర రాసినవాళ్లలో చాలామందికి అతను ఒక ప్రమాదం, ఒక పొరపాటు, చెవిటితనం వల్ల జరిగిన గొడవ. నాకు అతను ఒక యజమాని. డబ్బు పెట్టి కొన్నాను అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. పక్కింటి ముసలాయన తన తుపాకీ గురించి చెప్పే మాటలో, ఇతని మాటలో తేడా ఎక్కడుంది? ముసలాయన ప్రేమకు సెలవు దినం ఉంది, మ్యూజియం ఉంది, లెడ్జర్ ఉంది. ఇతని ప్రేమకు ఫిరంగి వచ్చింది.

ఇక ఈ ముచ్చట వినండి. పాత వించెస్టర్ మీద ఇత్తడి మొలలు ఉంటే అది ఒక ఆదివాసీ యోధుడిదని ధర పెరుగుతుంది. అందుకని పాత తుపాకీ ఏదో ఒకటి కొని, మొలలు కొట్టి, మట్టిలో పాతి, పాతదనం తెచ్చి అమ్మేవాళ్లు తయారయ్యారు. సేకరించేవాళ్లు మొదట నేర్చుకునేది మొలలను అనుమానించడమే. కంపెనీ కూడా ఊరుకోలేదు. 1983లో చీఫ్ క్రేజీ హార్స్ పేరుతో మోడల్ 94 స్మారక తుపాకీ అమ్మింది, కర్రమీద ఇత్తడి మొలలతో సహా. క్రేజీ హార్స్ లొంగిపోయాక నిర్బంధంలో బాయొనెట్ పోటుతో చచ్చిపోయినవాడు. 1877లో. ఆయన తుపాకీ పట్టుకునే హక్కు తీసేసుకున్న నూటారేళ్లకు ఆయన పేరు తుపాకీ మీద చెక్కారు. మన దగ్గర కూడా చచ్చినవాళ్ల బొమ్మకు దండేసే చెయ్యి, బతికున్నవాళ్ల మెడ పట్టుకునే చెయ్యి ఒకటే కదా, నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు.

నల్లవాళ్ల కథ వేరే దారిలో నడిచింది. బానిసత్వం పోయిన ఏడాదే, 1865 నవంబర్‌లో, మిసిసిపీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. సైన్యంలో లేని నల్లవాడు కౌంటీ బోర్డు లైసెన్సు లేకుండా తుపాకీ, తూటా, పెద్ద కత్తి ఏదీ పెట్టుకోకూడదు. లైసెన్సు ఇచ్చేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. మన దగ్గర బ్రిటిష్ ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, భారతీయులకు లైసెన్సు పెట్టి యూరోపియన్లను మినహాయించింది కదా, అదే బుద్ధి.

1892 మార్చిలో మెంఫిస్‌లో ముగ్గురు నల్లవాళ్లను జైలు నుంచి లాక్కుపోయి కాల్చి చంపారు. థామస్ మాస్, కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టూవర్ట్. వాళ్లు చేసిన నేరం ఒక కిరాణా దుకాణం నడపడం. పీపుల్స్ గ్రోసరీ దాని పేరు. ఎదురుగా ఉన్న తెల్లవాడి దుకాణానికి బేరం తగ్గింది. థామస్ మాస్ బిడ్డకు ధర్మతల్లి ఐడా బి. వెల్స్, పత్రిక నడిపే స్త్రీ. వెల్స్ అప్పుడు ఒక పిస్తోలు కొనుక్కుంది. అదే ఏడాది లించింగుల మీద తను అచ్చేసిన చిన్న పుస్తకంలో, ప్రతి నల్లవారి ఇంట్లో వించెస్టర్ రైఫిల్‌కు గౌరవ స్థానం ఉండాలని రాసింది. చట్టం ఇవ్వని రక్షణ దానితోనే ఉందని ఆమె లెక్క. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, కెంటకీలోని పాడూకాలో నల్లవాళ్లు తుపాకులతో నిలబడ్డందుకే లించింగ్ ఆగిందని ఉదాహరణలు కూడా ఇచ్చింది. ఆమె అడిగింది ఏదో ఒక తుపాకీ కాదు, పేరు పెట్టి వించెస్టర్. ఆ రోజుల్లో ఆ పేరే తుపాకీకి మారుపేరు.

గౌరవ స్థానం అన్న మాట మీద నేను చాలాసేపు ఆగిపోయాను. పక్కింటాయన గోడమీద ఉన్నది కూడా గౌరవ స్థానమే. అక్కడ జింక కోసం, ఇక్కడ తలుపు తట్టే గుంపు కోసం.

మీలో కొందరు ఇప్పటికే కామెంట్ టైపు చేస్తుంటారు, అన్నా తుపాకులు పట్టమంటున్నావా అని. ఆగండి. మన చట్టంలో ఏముందో ముందు చూడండి. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నియమాలు వచ్చాయి. మూడవ నియమం చదవండి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్లో ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి, అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి, అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకు రక్షణ కోసం ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి అని ప్రభుత్వానికే చెప్పింది. కారంచేడు, చుండూరు అయిపోయాక వచ్చిన నియమం అది. చాలా ఏళ్ల కింద మా వైపు ఒక ఊళ్లో దాడి జరిగినప్పుడు నేను, ఇంకో నలుగురం ఆ నియమం జిరాక్స్ తీసుకొని ఒక ఆఫీసుకు పోయినం. అక్కడి సారు కాగితం చదివి, నవ్వి, "మీకు తుపాకులెందుకయ్యా, ఏమన్నా వేటకు పోతారా?" అన్నాడు. మాకు కావాల్సింది తుపాకీ కాదు. అవతలోళ్ల లైసెన్సులు రద్దు చేయమనేది మా మొదటి కోరిక. దానికీ జవాబు రాలేదు. దరఖాస్తు నకలు మాత్రం నా దగ్గర ఇంకా ఉంది.

వేటకు పోతారా అన్న ఆ మాట పెన్సిల్వేనియాలో ముసలాయన వంటింట్లో గుర్తొచ్చింది. మా తాత వేటకు పోయినోడే సారూ. డప్పు పట్టుకొని పోయిండు.

నెవాడాలో గ్రేట్ బేసిన్ అనే జాతీయ పార్కు ఉంది. 2014 నవంబర్‌లో అక్కడ పనిచేసేవాళ్లకు ఒక జునిపర్ చెట్టుకు ఆనించి నిలబెట్టిన వించెస్టర్ 1873 దొరికింది. కర్ర బీటలు వారి బూడిద రంగుకు తిరిగింది, మడమ మట్టిలో దిగబడింది, ఇనుము తుప్పుపట్టి చెట్టు బెరడులో కలిసిపోయింది. నంబర్ చూస్తే 1882లో తయారైంది. ఎవరికి పోయిందో లెడ్జర్‌లో లేదు. మడమలోని చిన్న గూట్లో ఒక తూటా ఉంది. ఎవరు ఆనించారు, ఎందుకు తిరిగి రాలేదు, ఎవరికీ తెల్వదు. ముసలాయనకు ఆ వార్త నోటికొచ్చు. ఆ మనిషి నీళ్ల కోసం పోయి దారి తప్పి ఉంటాడు, లేకపోతే అట్లాంటి తుపాకీని ఎవరూ వదిలిపోరు అంటాడు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు మనిషి కంటే తుపాకీ మీద ఎక్కువ జాలి ఉంది. నాకు నవ్వొచ్చింది, మళ్లీ బాధేసింది కూడా.

ఎందుకంటే ఆయన బాధ అదే. కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడు, వేట మానేశాడు. మనవరాలు ఒక బడిలో టీచర్. బడుల్లో కాల్పులు జరిగే దేశంలో తుపాకీ ఇంట్లోకి రానివ్వనని తాతకు మొహం మీదే చెప్పిందట. ఆమెను తప్పు పట్టలేం. ఆయనా పట్టలేదు. చీటీలో నాలుగో పేరు ఎవరిదని ఒక్కటే గుబులు. దుకాణంలో అమ్మితే చీటీ పారేస్తారని భయం.

పోయిన నెల మా వాడి ఫోన్ అసలు దాని గురించే. ముసలాయన ఆ తుపాకీని నువ్వు తీసుకుంటావా అని మా వాడిని అడిగాడు. మా వాడు అక్కడి పౌరుడు, చట్టం ప్రకారం ఇబ్బంది లేదు. కోడలికి ఇష్టం లేదు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. వాడికి మాత్రం మనసు లాగుతోంది. "మామా, ఆ చీటీలో నా పేరు రాస్తడట. ఇంటిపేరుతో సహా రాయమంటవా?" అని అడిగాడు.

అక్కడ ఆ ఇంటిపేరు చూసి కులం కనిపెట్టే తెలుగువాళ్లు వాడి ఆఫీసులోనే ఉన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు. తూటాలు లేకుండా, తాళం వేసిన పెట్టెలో పెట్టి, పాప పెద్దదయ్యేదాకా పెట్టె తెరవనంటే తీసుకో అన్నాను. ఇంటిపేరు సంగతి ఆలోచించి చెబుతానన్నాను. పది రోజులైంది, ఇంకా చెప్పలేదు. ముసలాయన ఆసుపత్రికి పోయి వచ్చాడట, తొందరగా చెప్పమని నిన్న మళ్లీ మెసేజ్ పెట్టాడు.

వచ్చే భాగంలో 1964, లూసియానా, జోన్స్‌బరో. డీకన్స్ ఫర్ డిఫెన్స్ గురించి.